రాతె దారి: ఒక ఫోన్ గేమ్ డైరీ

అక్టోబర్ 12

మళ్ళీ ఒక గేమ్ మొదలుపెట్టాను. ఇదివరకు మొదలుపెట్టి వదిలేసినవన్నీ ల్యాప్‌టాప్‌లో ఒక ఫోల్డర్లో ఉన్నాయి. దాని పేరు ‘శ్మశానం’. ఇదీ అక్కడికే పోతుందేమో. అందుకే ఈసారి డైరీ రాస్తున్నాను. కనీసం ఎక్కడ చచ్చిందో తెలుస్తుంది.

నేనుండేది ఉత్తర ఫిన్లండ్‌లో, ఔలు అనే ఊళ్ళో. వచ్చి నాలుగేళ్ళయింది. ఇక్కడ ‘చలికాలం యుద్ధం’ అంటే ఏ యుద్ధమని ఎవరూ అడగరు. 1939 నవంబర్ 30న సోవియట్ సైన్యం ఫిన్లండ్ మీదికొచ్చింది. 1940 మార్చి 13న కాల్పులు ఆగాయి. మధ్యలో 105 రోజులు. మా లెనిన్‌గ్రాడ్‌కి మీ సరిహద్దు మరీ దగ్గరగా ఉంది, కాస్త వెనక్కి జరగండి, హాంకో దగ్గర మాకో స్థావరం ఇవ్వండి అని స్టాలిన్ అడిగాడు. వీళ్ళు కుదరదన్నారు. నవంబర్ 26న సోవియట్ వైపున్న మైనిలా అనే ఊళ్ళో ఫిరంగి గుండ్లు పడ్డాయి. ఫిన్లండే పేల్చిందని వంక పెట్టి నాలుగు రోజుల్లో యుద్ధానికి దిగారు.

నాకు కావాల్సింది ఫోన్లో ఆడే, వంతులవారీ గేమ్. నువ్వొక ఎత్తు, నేనొక ఎత్తు. బస్సులో సగం ఆడి, ఆపేసి, రాత్రి పడుకునేముందు ఇంకో ఎత్తు వేసుకునేలా ఉండాలి. గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్, అంటే ఇంజిన్, గోడాట్ 4. పైసా కట్టక్కర్లేదు, పైగా అందులో తెలుగు అక్షరాలు ఒత్తులతో సహా చక్కగా వస్తాయి. గేమంతా తెలుగులోనే ఉండాలని నా పట్టు.

అక్టోబర్ 14

రెండు రోజులకే కోత పడింది. మొదట యుద్ధం మొత్తం పెట్టేద్దామనుకున్నాను. కరేలియా భూసంధి, మానర్‌హైమ్ రేఖ, తోల్వాయార్వి, కొల్లా, ఉత్తరాన పెత్సామో, పోరు జరిగిన చోట్లన్నీ. వెయ్యి కిలోమీటర్లు దాటిన సరిహద్దును ఆరంగుళాల స్క్రీన్ మీద పరిచి చూశాను. గీతలు తప్ప ఏమీ కనపడలేదు.

ఇప్పుడు ఒకే దారి, ఒకే వారం. సుఒముస్సాల్మి నుంచి తూర్పుగా సరిహద్దు దాకా పోయే అడవి దారిలో సుమారు 20 కిలోమీటర్లు. సరిహద్దు పక్కనున్న పల్లె పేరు రాతె. 1940 జనవరి మొదటి వారంలో సోవియట్ 44వ డివిజన్, వేల మందున్న సైన్య విభాగం, ఈ దారి మీదే ముక్కలైంది.

గేమ్ పేరు ‘రాతె దారి’ అని పెట్టి మా చిన్నాన్న కొడుకుకి పంపాను. వాడు చూసి, “అన్నయ్యా, ‘రాతే దారి’ అంటే నుదుటి రాతే దారి చూపిస్తుందనా? పేరు భక్తి సినిమాలా ఉంది” అన్నాడు. పల్లె పేరురా అని చెప్పాను. అయినా పేరు మార్చను.

అక్టోబర్ 27

మ్యాప్ పని. తేనెపట్టు గదుల్లా ఆరు మూలల గళ్ళు. ఒక్కో గడి అర కిలోమీటరు, దారి పొడవునా 40 గళ్ళు.

దారి తూర్పు పడమరలుగా ఉంది. ఫోన్నేమో మనం నిలువుగా పట్టుకుంటాం. అడ్డంగా తిప్పితే రెండు చేతులూ కావాలి, బస్సులో కడ్డీ పట్టుకోవడానికి చెయ్యి మిగలదు. అందుకని మ్యాప్‌నే తిప్పేశాను. తూర్పు పైన, పడమర కింద. సోవియట్ సైన్యం పైనుంచి కిందికి దిగుతుంది, బొటనవేలితో జరుపుకుంటూ పోవచ్చు. ఆఫీసులో ఒకావిడకి చూపిస్తే ఆమె ముందు తల పక్కకి వంచి చూసింది, తర్వాత “ఉత్తరం ఎడమ చేతి వైపు ఏమిటి?” అంది. మూలన దిక్సూచి బొమ్మ పెట్టాను. తల మాత్రం ఇంకా వంచుతూనే ఉంది.

‘మొత్తి’ అంటే ఏమిటో చెప్పింది కూడా ఆవిడే. యుద్ధం గురించిన రాతల్లో ఎక్కడ చూసినా ఈ మాటే ఉంటుంది. చుట్టుముట్టి విడగొట్టిన శత్రువు ముక్కను మొత్తి అంటారు. అసలర్థం వేరు. నరికిన కట్టెలు పేర్చి పెడతారే, ఒక ఘనమీటరు దొంతర, అదీ మొత్తి. పొడవాటి మానును ఒకేసారి కాల్చలేం. ముక్కలు కోసి పేర్చుకుని, తీరిగ్గా ఒక్కొక్కటే కాల్చుకుంటాం. 20 కిలోమీటర్ల పొడవున సాగిన డివిజన్‌ను వాళ్ళు చేసిందీ అదే.

నవంబర్ 9

మ్యాప్‌ని తిప్పిన పాపం ఇవాళ పండింది.

సోవియట్ ట్యాంకుల దళం ఒకటి దారి వదిలేసి నేరుగా అడవిలోకి నడిచింది. మంచు లోతు, చెట్లు, దేన్నీ లెక్కచెయ్యలేదు. ఆగి చూస్తే ఒక్కటే కాదు, బేసి నిలువు వరసల్లో ఉన్న ప్రతి దళమూ ఒక గడి పక్కకి జారుతోంది.

గడి మూల పైకి ఉండేలా పేరిస్తే అడ్డ వరసలు సగం సగం జరుగుతాయి. చదునైన అంచు పైకి ఉండేలా పేరిస్తే నిలువు వరసలు జరుగుతాయి. దారి నిలువుగా తిన్నగా రావాలని నేను గళ్ళను రెండో పద్ధతికి మార్చాను. కానీ ‘ఈ గడికి పొరుగు గళ్ళు ఏవి’ అని చెప్పే ఫంక్షన్ మాత్రం మొదటి పద్ధతిలోనే ఉండిపోయింది. దాని లెక్కలో అడవి గడి కూడా దారికి ఆనుకునే ఉంది మరి.

సరి, బేసి గొడవే లేకుండా గళ్ళకి వాలు అక్షాల లెక్క పెట్టాను. ఇప్పుడు పొరుగు గడి అంటే ఎక్కడైనా అవే ఆరు కూడికలు. మొదటిరోజే చేసి ఉండాల్సింది. ప్రతి పాఠంలోనూ మొదటి పేజీలోనే చెబుతారు, నేను రెండో పేజీ నుంచి చదివే మనిషిని.

నవంబర్ 16

ఇంకో తప్పు, ఇది కోడ్‌లోది కాదు, నా బుర్రలోది. సరస్సులన్నిటికీ ‘దాటలేరు’ అని రాసి పెట్టాను. నీళ్ళు కదా!

జనవరిలో అవి నీళ్ళు కావు. అడవిలో తొడలోతు మంచు ఉంటే సరస్సు మీద బల్లపరుపు నేల. ఫిన్లండ్ వాళ్ళు రాతె దారికి దక్షిణంగా ఉన్న సరస్సుల వరస మీదే మంచు తోసుకుని, గుర్రాలు నడిచే బాట ఒకటి వేసుకున్నారు. సరుకులు, ఫిరంగులు దాని మీదే వచ్చాయి. శత్రువుకి ఒక్కటే దారి, వీళ్ళకి రెండు. ఈ సంగతి తెలియకుండా గీసిన మ్యాప్ మీద ఫిన్లండ్ గెలిచే అవకాశమే లేదు. నేనేమో రెండు వారాలుగా వాళ్ళ తుపాకీ బలం పెంచి బ్యాలెన్స్ చెయ్యాలని చూస్తున్నాను.

చెరువుల దేశం నుంచి వచ్చినవాణ్ణి, చెరువు గడ్డకడుతుందని గుర్తుండదు.

డిసెంబర్ 6

వీళ్ళ స్వాతంత్ర్య దినం. సాయంత్రం కిటికీల్లో రెండేసి కొవ్వొత్తులు. నేనూ పెట్టాను. కోడ్ ముట్టలేదు.

డిసెంబర్ 21

ఇవాళ సూర్యుడు పదిన్నర ప్రాంతంలో వచ్చి, రెండు దాటగానే వెళ్ళిపోయాడు. ఔలు, సుఒముస్సాల్మి దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి, కాబట్టి నా కిటికీలోంచి కనిపించేదే గేమ్‌లోని వెలుతురు కూడా. రోజుకి మూడు వంతులు అనుకున్నాను, ఒకటి పగలు, రెండు రాత్రి. ఏడు రోజులకి 21 వంతులు.

పొద్దున బస్టాపులో కొత్త బిల్డ్ పరీక్షిద్దామని ఫోన్ తీశాను. మైనస్ 24. గ్లవ్ ఉంటే స్క్రీన్ పలకదు, అందుకని కుడిచేతిది తీసేశాను. మూడో ఎత్తు వేసేసరికి వేలికొసలు మొద్దుబారాయి, ఎక్కడ నొక్కుతున్నానో తెలియలేదు. ఐదో ఎత్తుకి, 38 శాతం ఛార్జింగ్ ఉన్న ఫోన్ టక్కున ఆరిపోయింది. చలికి బ్యాటరీ అంతే. బస్సెక్కి చొక్కా లోపల పెట్టుకుంటే పది నిమిషాలకి మళ్ళీ బతికింది.

ఆ పది నిమిషాల్లో గేమ్ మారిపోయింది. ఇప్పటిదాకా చలి అంటే నా దృష్టిలో తెల్లటి బొమ్మ, పైనుంచి రాలే చుక్కలు, దాడి బలంలో 10 శాతం కోత. అది చలి కాదు, చలి వేషం.

ఇప్పుడు ప్రతి దళానికీ ‘వెచ్చదనం’ అని ఒక లెక్క ఉంటుంది, పదికి. ఆరుబయట గడిపిన ప్రతి రాత్రి వంతుకీ రెండు పోతుంది. సోవియట్ దళం నెగడు వేసుకోవచ్చు, రెండు తిరిగొస్తుంది, కానీ ఆ మంట నాలుగు గళ్ళ అవతలికి కనిపిస్తుంది. ఫిన్లండ్ దళాలకి అడవి లోపల పొయ్యిలున్న గుడారాలు ఉంటాయి. అక్కడికి పోతే నాలుగు వస్తుంది, కానీ పోయి రావడానికి ఎత్తులు ఖర్చవుతాయి. వెచ్చదనం మూడుకి పడితే దళం దాడి చెయ్యలేదు. సున్నా అయితే లొంగిపోవడమో, సామాన్లన్నీ వదిలేసి అడవిలోపడి సరిహద్దు వైపు పారిపోవడమో.

సోవియట్ వైపు వంటబండ్లు పెట్టాను. దారి తెగకుండా ఉంటే బండికి మూడు గళ్ళ లోపలున్న దళాలకి వేడి తిండి అందుతుంది. ఫిన్లండ్ వాళ్ళు నిజంగానే వంటబండ్లని వెతికి వెతికి దెబ్బతీశారు. ఇందులో వీరత్వమేమీ లేదు. ఆకలితో, చలితో ఉన్నవాడి గంజి తన్నేయడం. కానీ యుద్ధం జరిగింది అట్లా, గేమ్ దాన్ని దాచకూడదు.

డిసెంబర్ 29

నాన్న ఫోన్లో గేమ్ ఎక్కించమని తమ్ముడికి చెప్పాను. ఖమ్మం జిల్లాలో మా ఊళ్ళో ఇవాళ పొద్దున ఆడాడు, మధ్యాహ్నం వీడియో కాల్. ఫిన్లండ్ వైపు తీసుకుని మూడుసార్లు ఓడిపోయాడు, కోపంగా ఉన్నాడు.

“ఒరేయ్, ఎంతమందినని కాల్చాలిరా? కాల్చేకొద్దీ పైనుంచి దిగుతూనే ఉన్నారు. నా దగ్గరేమో గుప్పెడు మంది.”

కాల్చడం కాదు నాన్నా, దారి కొయ్యాలి అన్నాను. అడ్డం పడితే వెనకవాడికి తిండి రాదు, ముందువాడు వెనక్కి పోలేడు. పక్కకి దిగితే మంచు. నాన్న కాసేపు గడ్డం గోక్కున్నాడు.

“అంటే ఇది పులిజూదమేగా?”

మా రామాలయం అరుగు మీద బండకి చెక్కిన పులిజూదం పటం ఇప్పటికీ ఉంది. మూడు పులులు, 15 మేకలు. పులి మేక మీంచి దూకి చంపుతుంది. మేక దేన్నీ చంపలేదు, పక్కన మేకని పెట్టుకుంటూ పులికి అడుగు తీసి అడుగు వెయ్యడానికి చోటు లేకుండా చెయ్యడమే దాని పని. చిన్నప్పుడు నేనెప్పుడూ పులుల్నే తీసుకునేవాణ్ణి. నాన్న మేకలతో ఆడి గెలిచేవాడు.

“పులిని ఎవడూ చంపడురా. కదలకుండా చేస్తారు, అంతే” అన్నాడు, ఇన్నేళ్ళూ చెప్పిందే మళ్ళీ చెబుతున్నట్టు.

జనవరి 3

మూడు రాత్రులు కూర్చుని కంప్యూటర్ ఆడే పద్ధతి మొత్తం తీసేసి కొత్తగా రాశాను.

పాతది ఇట్లా ఆలోచించేది: నా దళాల బలం కూడు, ఎదుటివాడి బలం తీసెయ్యి, తేడా ఎక్కువొచ్చే ఎత్తు వెయ్యి. అందరూ రాసేది అదే. దానివల్ల ఫిన్లండ్ వైపు కంప్యూటర్ ఎప్పుడూ దారి మొదట్లో, పడమటి కొసన గుమిగూడి, ఎదురొచ్చినవాడితో తలపడి చచ్చేది.

కొత్తది పులిజూదం లెక్క. ప్రతి ఎత్తు తర్వాతా ఒకటే ప్రశ్న: సోవియట్ దళాలన్నీ కలిసి, తిండి అందుతూ, వచ్చే వంతులో ఎన్ని గళ్ళకి చేరగలవు? ఫిన్లండ్‌కి ఆ సంఖ్య తగ్గాలి, సోవియట్‌కి పెరగాలి. చచ్చినవాళ్ళ సంఖ్య లెక్కలోకే రాదు.

రాత్రి ఒంటిగంటకి కంప్యూటర్‌నే రెండు వైపులా ఆడమని వదిలి, టీ పెట్టుకుంటూ చూశాను. ఫిన్లండ్ దళాలు పడమటి కొసన ఒక్క దళాన్ని మాత్రం వదిలి, మిగతావన్నీ సరస్సుల బాట పట్టి అడవిలోంచి పైకి పోయాయి. రెండు చోట్ల దారి కోశాయి. రెండు కోతలూ వంటబండికి ఇవతలే. అట్లా చెయ్యమని కోడ్‌లో ఎక్కడా లేదు. పొయ్యి మీద టీ పొంగిపోయింది.

జనవరి 6

కొత్త పద్ధతి తెలివైనదే, కానీ బద్ధకం. నా ఫోన్లో ఒక వంతుకి రెండు సెకన్లు, 3 జీబీ ర్యామ్ ఉన్న నాన్న ఫోన్లో 11 సెకన్లు. ప్రతి ఎత్తు ప్రయత్నించినప్పుడల్లా ప్రతి దళానికీ దారులన్నీ మొదటినుంచి వెతుకుతోంది. ఒక్క మేక కదిలితే పటమంతా మళ్ళీ గీసుకున్నట్టు. మార్పు జరిగిన చోటికి ఆరు గళ్ళ లోపలున్న దళాలకే కొత్త లెక్క, మిగతావాటికి పాతదే వాడమన్నాను. నాన్న ఫోన్లో సెకను లోపలికి వచ్చింది.

జనవరి 19

ఒక ప్రశ్న నన్ను చాలా రోజులు తిప్పలు పెట్టింది. 44వ డివిజన్ ఎందుకు ఆగింది?

వాళ్ళు వచ్చింది ముందుగా సుఒముస్సాల్మిని పట్టుకుని ఇరుక్కుపోయిన 163వ డివిజన్‌ని కాపాడటానికి. వేల మంది, ట్యాంకులు, ఫిరంగులు. గమ్యానికి సుమారు పది కిలోమీటర్ల ముందు, రెండు సరస్సుల మధ్య ఇరుకు చోట వాళ్ళని ఆపింది ఒక కెప్టెన్ కింద ఉన్న రెండు కంపెనీలు, అంటే కొన్ని వందల మంది సైనికులు. ఎదురుగా పెద్ద సైన్యమే ఉందనుకుని డివిజన్ అక్కడే నిలబడిపోయింది. ఈలోగా ఫిన్లండ్ కమాండర్ సీలస్వుఒ 163వ దాని పని పట్టి, డిసెంబర్ ఆఖరుకి ఇటు తిరిగాడు.

గేమ్‌లో ఇది రావట్లేదు. ఆటగాడికి అడ్డంగా ఉన్న దళం మీద ‘రెండు కంపెనీలు’ అని కనిపిస్తుంటే తొక్కుకుంటూ పోతాడు. కాబట్టి ఇవాళ్టినుంచి శత్రుదళం పక్కదాకా వెళ్ళి తలపడేవరకూ అక్కడ ప్రశ్నార్థకం మాత్రమే. బలహీనమైన దళం కూడా చోటు మార్చి మార్చి కాలిస్తే రెండు ప్రశ్నార్థకాలుగా కనిపిస్తుంది. తమ్ముడు దీనికి ‘బిల్డప్’ అని పేరు పెట్టాడు. కోడ్‌లో ఆ ఫంక్షన్ పేరు కూడా అదే ఇప్పుడు.

ఫిబ్రవరి 8

రాతె వెళ్ళొచ్చాం. విజయవాడ స్నేహితుడి కారు, రెండు ఫ్లాస్కుల టీ, వాళ్ళావిడ కట్టిచ్చిన పులిహోర.

దారి పక్కన పెద్ద మైదానంలో స్మారకం ఉంది. వేల రాళ్ళు, పోయినవాళ్ళ గుర్తుగా, రెండు వైపుల వాళ్ళకీ కలిపి. ఫిబ్రవరిలో రాయి కనపడదు, మంచు కింద బొడిపెలు కనిపిస్తాయి, అంతే. మైదానం నిండా బొడిపెలు. నడుమ నిలబెట్టిన కట్టడానికి 105 గంటలు కట్టారు, యుద్ధం జరిగిన రోజుకొకటి. గాలి వచ్చినప్పుడు కొన్ని మోగుతాయి. మేమున్న అరగంటలో మాట్లాడుకున్నది తక్కువ.

తర్వాత అసలు దారి మీదికి పోయాం. మ్యాపుల్లో ఎంత చూసినా తెలియనిది నిలబడితే తెలిసింది: అది సన్నం. ఈ అంచు నుంచి ఆ అంచుకి నా పెద్ద అంగలు ఏడు. రెండు పక్కలా మంచు తోసిన గట్లు తీసేస్తే ఇంకా తక్కువ. గట్టు దాటి ఒక్క అడుగు అడవిలోకి వేశాను, తొడదాకా దిగిపోయాను. స్నేహితుడు చెయ్యిచ్చి లాగేసరికి బూటు లోపలే ఉండిపోయింది. ఒంటికాలి మీద నిలబడి, ఒక లారీ ఇక్కడ ఆగితే వెనక లారీ ఏం చెయ్యగలదు అని ఆలోచించాను. ఏమీ చెయ్యలేదు.

రాత్రి ఇంటికొచ్చి మూడు మార్పులు. దారి గడిలో ఇదివరకు మూడు దళాలు పట్టేవి, ఇప్పుడు బండ్లున్న దళం ఒక్కటే. ముందున్నదాన్ని దాటిపోవడం లేదు. స్కీలు లేనివాళ్ళకి అడవి గడి దాటడానికి మూడు బదులు ఆరు. ముందు బండి కాలిపోతే దాన్ని పక్కకి తొయ్యడానికి ఒక వంతంతా పడుతుంది.

సోవియట్ వైపు ఆడటం ఇప్పుడు నరకంలా ఉంది. ఆ డివిజన్‌లో చాలామంది ఉక్రెయిన్ నుంచి వచ్చినవాళ్ళు, స్కీల మీద నిలబడటం కూడా సరిగ్గా రానివాళ్ళు. అటువైపు కూడా ఆడేలా ఉంచాలని ఇవాళే గట్టిగా అనుకున్నాను. ఒక్క ఫిన్లండ్ వైపే ఉంటే ఇది వేటాట అయిపోతుంది.

స్కోరు కూడా తీసేశాను. గడ్డకట్టినవాడికి పది పాయింట్లు అని రాసి ఉన్న లైను, ఆ బొడిపెలు చూసొచ్చాక నా చేత్తో ఉంచలేకపోయాను. ఆట ముగిశాక ఎంతమంది మనుషులు, ఎన్ని గుర్రాలు, ఎవరు ఎటు పోయారు అని మాత్రం చెబుతుంది.

ఫిబ్రవరి 23

ఆట మధ్యలో కాల్ వస్తే సేవ్ ఫైలు సగమే రాసి చచ్చిపోతోంది. దీనికి మందు, తాత్కాలిక ఫైల్లో పూర్తిగా రాసి, తర్వాత పేరు మార్చడం. గంట పని, రెండు వారాలు వాయిదా వేశాను.

మార్చి 13

ప్లే స్టోర్‌లో కొత్తగా సొంత ఖాతా తెరిచినవాళ్ళు, గేమ్‌ని అందరికీ విడుదల చేసేముందు 12 మంది చేత వరసగా 14 రోజులు పరీక్ష చేయించాలి. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. 19 మంది సరే అన్నారు, ఐదుగురు నిజంగా ఎక్కించుకున్నారు. మిగతా ఏడుగురి కోసం ఆఫీసు క్యాంటీన్లో కాఫీలు కొనిచ్చాను.

అందరూ అడిగే మొదటి ప్రశ్న: స్నైపర్ ఏడీ? ఇంటర్నెట్‌లో ఈ యుద్ధం పేరు విన్నవాళ్ళందరికీ సిమో హైహా తెలుసు, 500 మందికి పైగా కాల్చాడని చెబుతారు. ఆయన పోరాడింది కొల్లా దగ్గర, రాతె దగ్గర కాదు. “అయినా పెట్టు బావా, హీరో లేకపోతే ఎట్లా?” అని మా మేనత్త కొడుకు. పెట్టను.

మొలటోవ్ కాక్‌టెయిల్ మాత్రం ఉంది. ట్యాంకుల్ని ఆపే ఫిరంగులు వీళ్ళ దగ్గర చాలా తక్కువ, అందుకే పెట్రోలు సీసాలు. పేరు వెనక కథ కూడా గేమ్‌లో చిన్న కార్డుగా పెట్టాను: మేం వేస్తున్నవి బాంబులు కాదు, తిండి అని సోవియట్ మంత్రి మొలటోవ్ రేడియోలో అంటే, వీళ్ళు ఆ బాంబులకి ‘మొలటోవ్ రొట్టెబుట్టలు’ అని పేరుపెట్టి, తిండితోపాటు తాగడానికి ఇదిగో అని సీసాకి ఈ పేరు తగిలించారు. పరీక్షించిన వాళ్ళలో ఎక్కువమంది ఆగి చదివిన కార్డు ఇదొక్కటే.

ఏప్రిల్ 6

వదిన పంపిన వాయిస్ మెసేజ్: “మంచు తెల్లగా ఉంది, మనుషులు తెల్లగా ఉన్నారు, గుడారాలు తెల్లగా ఉన్నాయి. నేను దేన్ని నొక్కాలి మరిదీ?”

ఫిన్లండ్ సైనికులు తెల్ల ముసుగు బట్టలు వేసుకున్నది కనపడకుండా ఉండటానికే, కానీ వాళ్ళని నడిపే మనిషికి కూడా కనపడకపోతే ఎట్లా? పైగా అక్కడ ఏప్రిల్ ఎండ. డాబా మీద నీడలో కూర్చున్నా తెల్ల స్క్రీన్ అద్దంలా మెరుస్తుందట, ఫోన్ వేడెక్కుతుందట, ఛార్జింగ్ గంటలో అయిపోతుందట. ఇక్కడ చలికి ఆరిపోయిన గేమ్ అక్కడ ఎండకి ఆరిపోతోంది.

మందు ముందే నా దగ్గరుంది. మూడు వంతుల్లో రెండు రాత్రులే కదా, వాటిని నిజంగా రాత్రిలా చేశాను. ముదురు నీలం అడవి, దారి మీద బూడిద రంగు, అక్కడక్కడా నెగళ్ళ నారింజ చుక్కలు. చాలా ఫోన్లకి ఇప్పుడు ఓఎల్ఈడీ స్క్రీన్లు, చీకటి బొమ్మకి బ్యాటరీ తక్కువ తింటాయి. దళాల చుట్టూ సన్నటి గీత గీశాను. నొక్కితే వెంటనే కదలకుండా, మొదటిసారి ఎక్కడికి పోతుందో చూపించి, రెండోసారి నొక్కితేనే కదులుతుంది. వదిన బొటనవేలు వెడల్పు కూడా ఇప్పుడు లెక్కలో ఉంది.

ఏప్రిల్ 20

నాన్న ఇవాళ మొదటిసారి సోవియట్ వైపు తీసుకున్నాడు. “ఇన్నాళ్ళూ మేకలే కదా, ఓసారి పులి” అన్నాడు. నేను వీడియో కాల్‌లో, తమ్ముడు పక్కనుంచి ఫోన్ పట్టుకుని స్క్రీన్ నాకు చూపిస్తున్నాడు.

మొదటి మూడు వంతులు హుషారుగా దిగాడు. సరస్సుల మధ్య ఇరుకు దగ్గర ప్రశ్నార్థకం కనపడింది, ఆగాడు. అడవి అంచున ఇంకోటి కనపడింది.

“చాలామంది ఉన్నట్టున్నారు. వెనకవాళ్ళు కూడా రానీ, అందరం కలిసి పోదాం.”

నేనేమీ మాట్లాడలేదు. తమ్ముడు నవ్వు ఆపుకుంటున్నాడు. నాన్న నాలుగు వంతులు అక్కడే నిలబెట్టాడు, నెగళ్ళు వేయించాడు. ఎనిమిదో వంతులో వెనక ఎక్కడో, స్క్రీన్ పైభాగాన, దారి తెగింది. వంటబండి గుర్తు ఎర్రబడింది. జరిపి చూసుకుని, “ఇదెప్పుడు వచ్చిందిరా?” అన్నాడు. తర్వాత ఇంకోచోట తెగింది. వెనక్కి తిప్పుదామంటే బండ్లు తిరగడానికి చోటు లేదు. పద్నాలుగో వంతుకి మొదటి దళం సున్నా అయ్యి అడవిలోకి పోయింది. పద్దెనిమిదో వంతులో వదిలేశాడు.

“సరే, చెప్పు. ఆ ఇరుకు దగ్గర అడ్డం నిలబడ్డది ఎంతమంది?”

“రెండు కంపెనీలు నాన్నా.”

“అంతేనా?”

“అంతే. నిజంగా జరిగినప్పుడూ అంతే.”

“ఆ అసలాయన, ఈ పక్క కమాండరు, ఆయనేమయ్యాడు?”

వినోగ్రాదోవ్ సరిహద్దు దాటి బతికి బయటపడ్డాడని, అదే జనవరిలో సొంత సైన్యమే విచారించి కాల్చి చంపిందని చెప్పాను. అటువైపు నుంచి కాసేపు ఏమీ వినపడలేదు, ఫ్యాన్ చప్పుడు తప్ప.

“మళ్ళీ మొదటి నుంచి ఆడాలంటే ఎక్కడ నొక్కాలి?” అన్నాడు.

ఆ బటన్ నేనింకా పెట్టలేదు.